కంప్యూటర్ ఆన్ కావడం లేదా? ‘ఫార్మాట్’కు ముందు ఒక్క ప్రశ్న



మన మదనపల్లె, పుంగనూరు, కుప్పం శాఖల పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఇప్పుడు ఒక కంప్యూటరో ల్యాప్‌టాపో ఉంటోంది. నాన్న షాపు లెక్కలు, అమ్మ ఆఫీసు పని, అన్న ఎంట్రన్స్ దరఖాస్తులు, చెల్లి సైన్స్ ప్రాజెక్టు, ఇంటిల్లిపాది ఫొటోలు అన్నీ అందులోనే. ఒకరోజు స్విచ్ నొక్కితే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో ‘నో బూటబుల్ డివైస్ ఫౌండ్’ అని వస్తుంది. లేదా కంపెనీ గుర్తు దగ్గరే చుక్కలు గుండ్రంగా తిరుగుతూ ఉండిపోతాయి. రిపేరు షాపుకు తీసుకెళితే ‘ఫార్మాట్ కొట్టేద్దాం సార్, సాయంత్రానికి ఇచ్చేస్తాం’ అంటారు.

ఆ మాటకు ‘సరే’ అనే ముందు మనం వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఇందులో ఉన్నవాటికి ఇంకో కాపీ ఎక్కడైనా ఉందా?

ఉంటే నిశ్చింతగా ఫార్మాట్ చేయించుకోవచ్చు. లేకపోతే ఆగాలి. డిస్కు కొత్తది కొనుక్కోవచ్చు, విండోస్ మళ్లీ వేయించుకోవచ్చు. పదో తరగతి మార్కుల మెమోను డిజిలాకర్‌లోనో బోర్డు ద్వారానో మళ్లీ తీసుకోవచ్చు. బాబు మొదటి పుట్టినరోజు ఫొటోలు, తాతగారి గొంతు ఉన్న వీడియో, రేపు ఇవ్వాల్సిన ప్రాజెక్టు మాత్రం ఏ షాపులోనూ దొరకవు. అందుకే ఈ నెల పాఠాన్ని ఇంట్లో పెద్దలు, పిల్లలు కలిసి చదివేలా రాస్తున్నాం. ఆరో తరగతి దాటిన పిల్లలు ఇందులో చాలా పనులు మీ పక్కన కూర్చుని చేయగలరు.

మూడు వేరు వేరు సంగతులు

కంప్యూటర్ లేవకపోవడం ఒకటి. డిస్కు పాడవడం ఇంకొకటి. సమాచారం పోవడం మూడోది. ఈ మూడింటినీ ఒకటే అనుకోవడం వల్లనే కంగారు పుడుతుంది, కంగారులో తప్పు బటన్ నొక్కుతాం.

ఇందుకు పెద్ద ఉదాహరణ 2024 జూలై 19న ప్రపంచమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ పంపిన ఒక లోపమున్న అప్‌డేట్ వల్ల విండోస్ కంప్యూటర్లు నీలిరంగు తెర దగ్గర ఆగిపోయాయి. వాటి సంఖ్య దాదాపు 85 లక్షలని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. విమానాశ్రయాల్లో పనులు స్తంభించాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. ఆ కంప్యూటర్లలోని డిస్కులకు ఏమీ కాలేదు, సమాచారమూ ఎక్కడికీ పోలేదు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక చిన్న ఫైలు తీసేస్తే చాలు, అవి మళ్లీ లేచాయి. ఆ రోజు భయపడి అన్నిటినీ ఫార్మాట్ చేసి ఉంటే నష్టం ఎంతుండేదో ఊహించండి.

మన ఇంటి కంప్యూటర్ విషయంలోనూ అంతే. లేవనంత మాత్రాన లోపల ఉన్నది పోయినట్టు కాదు.

బూట్ అంటే ఏమిటి? బడి తెరిచినట్టే

పిల్లలకు ఇలా చెప్పండి. ఉదయం మన బడి ఎలా మొదలవుతుంది? ముందు వాచ్‌మన్ వచ్చి గేటు తీస్తాడు. లైట్లు, ఫ్యాన్లు పనిచేస్తున్నాయో లేదో చూస్తాడు. తర్వాత ఆఫీసు గది తెరిచి టైంటేబుల్ తీస్తారు. టైంటేబుల్ చూసి టీచర్లు తరగతులకు వెళతారు. అప్పుడు పాఠం మొదలవుతుంది.

కంప్యూటర్‌లో వాచ్‌మన్ పని చేసేది మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉండే చిన్న ప్రోగ్రాం. పాతవాటిలో దాన్ని బయోస్ అనేవారు, కొత్తవాటిలో యూఈఎఫ్ఐ అంటున్నారు. జనం రెండింటినీ బయోస్ అనే పిలుస్తారు, మనమూ అలాగే అందాం. స్విచ్ నొక్కగానే అది మెమరీ, కీబోర్డు, డిస్కు ఉన్నాయో లేదో చూసుకుంటుంది. తర్వాత ఏ డిస్కు నుంచి మొదలుపెట్టాలో తన జాబితాలో చూసి ఆ డిస్కు దగ్గరికి వెళుతుంది. డిస్కులో ఒక చిన్న భాగంలో బూట్ మేనేజర్ ఉంటుంది. అది మన టైంటేబుల్ లాంటిది. అది చెప్పిన చోటు నుంచి విండోస్ ఫైళ్లు మెమరీలోకి వస్తాయి. అప్పుడు మనకు పాస్‌వర్డ్ అడిగే తెర కనిపిస్తుంది.

టైంటేబుల్ కాగితం చిరిగిపోయినంత మాత్రాన తరగతి గదులు, పుస్తకాలు మాయమైపోవు కదా. బూట్ మేనేజర్ చెడిపోయినా అంతే. మీ ఫొటోలు డిస్కులో వాటి చోట అవి ఉంటాయి, వాటి దగ్గరికి దారే మూసుకుపోయి ఉంటుంది.

ముందు చెవి పెట్టి వినండి

ఏ పరీక్షకైనా ముందు ఇది చేయాలి. కంప్యూటర్ లోపలి నుంచి ‘టిక్… టిక్… టిక్’ అని ఆగి ఆగి కొట్టే శబ్దం గాని, గీసినట్టు కర్‌ర్ మనే శబ్దం గాని వస్తోందా? వస్తే వెంటనే ఆపేయండి. మళ్లీ ఆన్ చేసి చూడవద్దు.

ఎందుకో తెలియాలంటే హార్డ్ డిస్కు లోపల ఏముందో తెలియాలి. అద్దంలా మెరిసే గుండ్రటి పళ్లాలు ఉంటాయి. డెస్క్‌టాప్ డిస్కుల్లో అవి ఎక్కువగా నిమిషానికి 7,200 చుట్లు, ల్యాప్‌టాప్ డిస్కుల్లో 5,400 చుట్లు తిరుగుతాయి. వాటి పైన సమాచారాన్ని చదివే హెడ్ తేలుతూ ఉంటుంది. పళ్లానికీ హెడ్‌కూ మధ్య ఖాళీ పది నానోమీటర్లు కూడా ఉండదు. మన తల వెంట్రుక మందం పదుల వేల నానోమీటర్లు. హెడ్ దెబ్బతిని పళ్లాన్ని తాకితే, తాకిన చోటల్లా సమాచారం గీరుకుపోతుంది. మనం ‘ఇంకోసారి చూద్దాం’ అని ఆన్ చేసిన ప్రతిసారీ ఆ గీత పెరుగుతుంది.

ఇలాంటి డిస్కును విప్పకూడదు. తట్టకూడదు. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని ఎవరైనా చెప్పినా పెట్టకూడదు, లోపల తేమ చేరి ఉన్న అవకాశం కూడా పోతుంది. గాలిలోని ధూళి కణం కూడా ఆ పళ్లానికి రాయి లాంటిది. దాన్ని విప్పవలసింది దుమ్ము లేని ప్రత్యేక గదులున్న డేటా రికవరీ ల్యాబులో మాత్రమే. మనకు దగ్గరలో అలాంటివి బెంగళూరు, చెన్నై వంటి నగరాల్లో ఉంటాయి. ఖర్చు వేలల్లో ఉంటుంది, అంతా తిరిగి వస్తుందన్న హామీ ఉండదు. అందులో ఉన్నవి అంత విలువైనవా అన్నది మీరే నిర్ణయించుకోవాలి.

కొత్త ల్యాప్‌టాపుల్లో ఎక్కువగా ఎస్‌ఎస్‌డీ ఉంటుంది. అందులో తిరిగే భాగాలు లేవు కాబట్టి శబ్దమూ రాదు. కింద పడినా హార్డ్ డిస్కంత సులభంగా పాడవదు. అయితే అది చెడిపోతే చాలాసార్లు ముందు హెచ్చరిక ఉండదు, నిన్న పనిచేసింది ఈ రోజు కనిపించకుండా పోతుంది. పైగా ఎస్‌ఎస్‌డీని ఫార్మాట్ చేస్తే పాత సమాచారాన్ని అది లోలోపల పూర్తిగా తుడిచేసుకుంటుంది. పాత హార్డ్ డిస్కులో ఫార్మాట్ తర్వాత కూడా కొంత వెనక్కి తీసే అవకాశం ఉండేది. ఎస్‌ఎస్‌డీలో ఆ ఆశ దాదాపు లేదు.

ఎక్కడ ఆగింది? దాన్ని బట్టి కారణం

శబ్దం ఏమీ లేదనుకుందాం. అప్పుడు పిల్లల చేత ఒక కాగితం మీద నాలుగు గడులు గీయించండి: ఏం చూశాం, ఏం విన్నాం, ఏం మార్చాం, ఏమైంది. తెర మీద వచ్చిన అక్షరాలను ఫోన్‌తో ఫొటో తీయండి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. సైన్స్ ప్రయోగంలో టీచర్లు చెప్పే నియమమే ఇది.

1. లైట్ కూడా వెలగకపోతే: అది డిస్కు సమస్య కాదు. ప్లగ్గు, వైరు, ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఛార్జర్ చూడండి. ఇంకో ప్లగ్ పాయింట్‌లో పెట్టి చూడండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తీసి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టి, మళ్లీ ఛార్జర్ పెట్టి చూడండి.

2. ఫ్యాన్ తిరుగుతోంది, తెర మాత్రం నల్లగా ఉంటే: మానిటర్ వైరు, మానిటర్ పవర్ చూడండి. అవి బాగుంటే మెమరీ కార్డు, అంటే ర్యామ్, వదులై ఉండవచ్చు. దుమ్ము పట్టిన డెస్క్‌టాపుల్లో ఇది తరచుగా జరుగుతుంది. ఇదీ డిస్కు సమస్య కాదు.

3. కంపెనీ గుర్తు వచ్చి, తర్వాత ‘బూట్ డివైస్ లేదు’ అని వస్తే: ముందుగా పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, ఎక్స్‌టర్నల్ డిస్కు ఏది గుచ్చి ఉన్నా తీసేసి మళ్లీ ఆన్ చేయండి. బయోస్ ఆ పెన్‌డ్రైవ్‌లోనే విండోస్ ఉందేమోనని వెతుకుతూ ఆగిపోయి ఉండవచ్చు. ఇంత చిన్న కారణానికి కూడా జనం షాపుకు పరుగెత్తుతారు.

4. విండోస్ మొదలై మధ్యలో నీలి తెర వస్తే, లేదా మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతుంటే: చాలాసార్లు ఇది విండోస్ ఫైళ్లలో తేడా. డిస్కును బయోస్ గుర్తించింది కాబట్టే విండోస్ అంతవరకైనా వచ్చింది. కాబట్టి మీ ఫైళ్లు ఉండే అవకాశం ఎక్కువ.

బయోస్‌లోకి తొంగి చూడటం

మూడో రకం సమస్యలో పెన్‌డ్రైవ్ తీసినా ఫలితం లేకపోతే బయోస్ తెరవాలి. ఆన్ చేసిన వెంటనే ఒక మీటను పదే పదే నొక్కాలి. డెల్, ఏసర్, ఆసుస్‌లో సాధారణంగా ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, లెనోవోలో ఎఫ్1 లేదా ఎఫ్2, షాపులో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాపుల్లో ఎక్కువగా డిలీట్ మీట. అక్కడ ఏదీ మార్చకుండా రెండు సంగతులు చూసి రాసుకోండి.

మొదటిది తేదీ. తేదీ కొన్నేళ్లు వెనక్కి వెళ్లి ఉంటే మదర్‌బోర్డు మీద ఉండే నాణెం లాంటి బ్యాటరీ అయిపోయిందని అర్థం. డెస్క్‌టాపుల్లో అది ఎక్కువగా సీఆర్2032 అనే 3 వోల్టుల బ్యాటరీ. అది అయిపోతే బయోస్ తన పాత సెట్టింగులు మరిచిపోతుంది. ఏ డిస్కు నుంచి, ఏ పద్ధతిలో మొదలుపెట్టాలో కూడా మరిచిపోవచ్చు. డిస్కు లక్షణంగా ఉండి కూడా కంప్యూటర్ లేవకపోవడానికి ఇది ఒక కారణం. చిన్న బ్యాటరీ మార్చి, సెట్టింగు సరిచేస్తే పని అయిపోతుంది.

రెండోది డిస్కు పేరు. జాబితాలో మీ హార్డ్ డిస్కు లేదా ఎస్‌ఎస్‌డీ పేరు కనిపిస్తోందా? కనిపిస్తే డిస్కు ప్రాణంతో ఉంది. బూట్ ఆర్డర్‌లో దాన్ని లేదా ‘విండోస్ బూట్ మేనేజర్’ అన్నదాన్ని మొదట పెట్టి చూడండి. పేరే కనిపించకపోతే వైరు వదులైందా, డిస్కే పోయిందా అన్నది తేలాలి. డెస్క్‌టాప్ అయితే ప్లగ్గు పూర్తిగా పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి, చేత్తో క్యాబినెట్ ఇనుప భాగాన్ని తాకి, ఆ తర్వాతే మూత తీయండి. డిస్కుకు వెళ్లే రెండు వైర్లనూ తీసి మళ్లీ గట్టిగా పెట్టండి. మూత తీసే పని పెద్దలే చేయాలి, పిల్లలు టార్చ్ పట్టుకుని చూడాలి. వైర్లు వెళ్లే పెద్ద పెట్టె, అంటే పవర్ సప్లై, దాన్ని మాత్రం ఎవరూ విప్పవద్దు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా అందులో కరెంటు నిలిచి ఉంటుంది. ల్యాప్‌టాప్ అయితే విప్పకుండా తెలిసినవారికి ఇవ్వండి.

మూడు మాటలు తెర మీద కనిపిస్తే చేయి వెనక్కి తీసుకోండి

విండోస్ వరుసగా రెండు మూడుసార్లు లేవలేకపోతే తనంతట తానే రిపేరు తెరను చూపిస్తుంది. అందులో ‘స్టార్టప్ రిపేర్’ అన్నది నొక్కవచ్చు, అది మీ ఫొటోలను ముట్టుకోదు. ఆ పక్కనే ఉండే కొన్నిటితో జాగ్రత్త.

మొదటిది ‘రీసెట్ దిస్ పీసీ’. అందులో ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ అంటే అంతా తీసేయమని. ‘కీప్ మై ఫైల్స్’ అంటే మీ ఫైళ్లు ఉంచి ప్రోగ్రాములు తీసేయమని. రెండోది నొక్కినా కాపీ తీసుకున్న తర్వాతే నొక్కాలి.

రెండోది, డిస్కును ఇంకో కంప్యూటర్‌కు తగిలించినప్పుడు వచ్చే ‘ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?’ అన్న ఇంగ్లిషు ప్రశ్న. అది విండోస్ ఇచ్చే సలహా అనుకుని చాలామంది ‘ఎస్’ నొక్కుతారు. డిస్కు తనకు అర్థం కావడం లేదని చెప్పడమే దాని ఉద్దేశం. ‘క్యాన్సిల్’ నొక్కండి.

మూడోది ‘చెక్‌డిస్క్’. డిస్కులో చెడిన చోట్లను వెతికి సరిచేసే పని అది. బాగున్న డిస్కుకు మంచిదే. చావుబతుకుల్లో ఉన్న డిస్కును గంటల తరబడి అటూ ఇటూ పరుగెత్తిస్తే ఆ పనిలోనే అది ఆగిపోవచ్చు. ముందు కాపీ, తర్వాతే రిపేరు.

48 అంకెల తాళం చెవి

ఈ మధ్య కొన్న ల్యాప్‌టాపుల్లో మరో సంగతి ఉంది. వాటిలో డిస్కు మొత్తం బిట్‌లాకర్ అనే తాళంతో మూసి ఉండవచ్చు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినప్పుడు చాలా కొత్త యంత్రాల్లో ఇది మనకు తెలియకుండానే మొదలవుతుంది. మామూలు రోజుల్లో దాని ఉనికే తెలియదు. బయోస్ సెట్టింగు మారినా, మదర్‌బోర్డు మార్చినా, డిస్కును ఇంకో కంప్యూటర్‌లో పెట్టినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ అంకెలు లేకపోతే ఎంత గొప్ప టెక్నీషియన్ అయినా మీ ఫొటోలు బయటకు తీయలేడు. క్రౌడ్‌స్ట్రైక్ రోజున కూడా చాలా ఆఫీసుల్లో పని ఆలస్యం కావడానికి ఈ కీ వెతుక్కోవలసి రావడం ఒక కారణం.

కాబట్టి కంప్యూటర్ బాగున్న ఈ రోజే పని చేయండి. ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి, డివైసెస్ విభాగంలో బిట్‌లాకర్ కీ ఉందేమో చూడండి. ఉంటే కాగితం మీద రాసి, ఇంటి పత్రాల ఫైలులో పెట్టండి. ఆ ల్యాప్‌టాప్‌లోనే ఫైలుగా దాచుకుంటే తాళం చెవిని బీరువాలో పెట్టి బీరువాకు తాళం వేసినట్టే.

లేవని కంప్యూటర్ నుంచి ఫైళ్లు తీయడం

డిస్కు పేరు బయోస్‌లో కనిపిస్తూ, శబ్దాలేమీ లేకుండా, విండోస్ మాత్రమే రాకపోతే రెండు దారులు ఉన్నాయి.

ఒకటి, ఇంకో కంప్యూటర్‌లో ఒక పెన్‌డ్రైవ్ మీద ఉబుంటు వంటి లినక్స్‌ను సిద్ధం చేసుకుని, దాని నుంచి మీ కంప్యూటర్‌ను లేపడం. ఉబుంటు ఉచితం. తెర మీద ‘ట్రై’, ‘ఇన్‌స్టాల్’ అని రెండు వస్తాయి. ‘ట్రై’ మాత్రమే ఎంచుకోవాలి. అప్పుడు అది డిస్కులో ఏమీ రాయకుండా మీ ఫోల్డర్లను చూపిస్తుంది. ఎక్స్‌టర్నల్ డిస్కు తగిలించి కాపీ చేసుకోవచ్చు.

రెండు, డిస్కును బయటకు తీసి, దానికి సరిపడే యూఎస్‌బీ కేబుల్‌తో ఇంకో కంప్యూటర్‌కు తగిలించడం. ఇది షాపులో తేలిగ్గా చేసే పని.

ఏ దారిలో వెళ్లినా మొదట అతి ముఖ్యమైన ఫోల్డర్‌ను కాపీ చేయండి. సినిమాలు, పాటలు చివర్లో చూసుకోవచ్చు. డిస్కు ఎంతసేపు సహకరిస్తుందో చెప్పలేం కాబట్టి ఈ వరుస ముఖ్యం.

మన ఊళ్లలో కరెంటు సంగతి

మన ప్రాంతానికి కంప్యూటర్లు కొత్త కాదు. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి కుప్పంలో ‘ఐ-కమ్యూనిటీ’ అనే కార్యక్రమం మొదలుపెట్టాయి. పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచి కంప్యూటర్లు పెట్టారు. పొదుపు సంఘాల మహిళలు కొందరు డిజిటల్ కెమెరాలు పట్టి ఊరి ఫొటోగ్రాఫర్లయ్యారు. కరెంటు నమ్మకంగా లేని చోట ప్రింటర్లకు సౌరశక్తిని జోడించారు. కంప్యూటర్ నడవాలంటే ముందు కరెంటు సంగతి చూసుకోవాలని ఆ రోజుల్లోనే ఇక్కడ తెలిసింది.

ఇప్పుడు కరెంటు అప్పటికన్నా మెరుగు. అయినా ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివాన వస్తే కరెంటు పోవడం, రావడం, మళ్లీ పోవడం మనకు అలవాటే. డెస్క్‌టాప్ ఏదైనా ఫైలు రాస్తుండగా కరెంటు పోతే, హెడ్ తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది గాని రాస్తున్నది సగంలో ఆగిపోతుంది. ఆ సగం ఫైలు విండోస్‌కు అవసరమైనదే అయితే మరునాడు కంప్యూటర్ లేవదు. యూపీఎస్ ఉంటే సేవ్ చేసి షట్‌డౌన్ చేసుకునే వ్యవధి దొరుకుతుంది. ఇంటి ఇన్వర్టర్ మీదే నడుపుతుంటే దాని వెనక ‘యూపీఎస్ మోడ్’ మీట ఉందేమో చూసి ఆ వైపు పెట్టండి. మామూలు మోడ్‌లో కరెంటు మారే క్షణంలో ఫ్యాన్ ఆగదు గాని కంప్యూటర్ ఆగిపోవచ్చు. ఉరుములు మొదలైతే ప్లగ్గు, ఇంటర్నెట్ కేబుల్ రెండూ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు.

షాపులో ఏం చెప్పాలి?

మన ఊరి టెక్నీషియన్లలో పనిమంతులు చాలామంది ఉన్నారు. వారు ఫార్మాట్ అనడానికి కారణం ఉంది. అది త్వరగా అయ్యే పని, మనమూ ‘తొందరగా ఇవ్వండి’ అనే అడుగుతాం. డేటా కావాలని మనం చెప్పకపోతే అక్కర్లేదనే అనుకుంటారు. కాబట్టి ఇవి నోటితో చెప్పి, రసీదు మీద కూడా రాయించండి:

• డేటా కావాలి. నన్ను అడగకుండా ఫార్మాట్ చేయవద్దు.
• ముందు డిస్కు ఆరోగ్యం పరీక్షించి చెప్పండి. దీనికి స్మార్ట్ రిపోర్టు చూపించమని అడగండి. ‘క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో’ వంటి ఉచిత ప్రోగ్రాం డిస్కు ‘గుడ్’, ‘కాషన్’, ‘బ్యాడ్’లలో ఏ స్థితిలో ఉందో చూపిస్తుంది.
• కాపీ తీసిన తర్వాత నా ఎదుట నాలుగు ఫైళ్లు తెరిచి చూపించండి.
• కొత్త డిస్కు వేస్తే పాతది నాకు తిరిగి ఇవ్వండి.

చివరిది మరవకండి. పాత డిస్కులో మీ ఆధార్, బ్యాంకు కాగితాలు, ఆడపిల్లల ఫొటోలు ఉంటాయి. దాన్ని పాత సామాన్లవాడికి వేసేముందు పూర్తిగా తుడిపించాలి, లేదా పళ్లాలు పనికిరాకుండా పగలగొట్టించాలి.

కాపీ ఎక్కడ ఉంచాలి?

2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు రేగి పెద్ద సంఖ్యలో రెవెన్యూ ఫైళ్లు కాలిపోయిన సంగతి మనందరికీ తెలుసు. దాని కారణాలు తేల్చడం దర్యాప్తు చేసేవారి పని. ఇంటివాళ్లుగా మనం గమనించవలసినది ఒకటుంది. కాగితమైనా, డిస్కయినా ఒకే గదిలో ఒకే ప్రతిగా ఉంటే ఒక్క రాత్రి చాలు. ల్యాప్‌టాప్ బ్యాగులోనే బ్యాకప్ డిస్కు కూడా పెట్టుకుని తిరిగితే, బ్యాగు పోయినప్పుడు రెండూ పోతాయి.

కంప్యూటర్ రంగంలో ‘3-2-1’ అని ఒక లెక్క చెబుతారు. ముఖ్యమైన ఫైలుకు 3 ప్రతులు, 2 రకాల చోట్ల, అందులో 1 ఇంటి బయట. మన ఇళ్లకు దాన్ని ఇలా మార్చుకోవచ్చు. ఒకటి కంప్యూటర్‌లో ఉంటుంది. రెండోది నెలకోసారి తగిలించి, కాపీ అవగానే తీసేసే ఎక్స్‌టర్నల్ డిస్కులో. మూడోది గూగుల్ డ్రైవ్ వంటి ఆన్‌లైన్ చోట, లేదా అమ్మమ్మగారి ఊళ్లో ఉంచిన ఇంకో డిస్కులో. పెన్‌డ్రైవ్ ఒక చోటు నుంచి ఇంకో చోటుకు తీసుకెళ్లడానికి బాగుంటుంది, ఏళ్ల తరబడి దాచడానికి దాన్ని నమ్ముకోవద్దు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీలో కొందరు విండోస్ 11కు మారుతూ ఉండవచ్చు, కొత్త డిస్కు వేయిస్తూ ఉండవచ్చు. ఆ పనికి ముందు కూడా ఇదే ప్రశ్న: ఇంకో కాపీ ఉందా?

పిల్లలతో చేయించండి

6, 7 తరగతులు: బూట్ మెట్లను బడి తెరిచే పోలికతో బొమ్మ గీయాలి. ఏ మెట్టు దగ్గర ఆగితే తెర మీద ఏం కనిపిస్తుందో పక్కన రాయాలి.

8, 9 తరగతులు: ఒక లెక్క. డెస్క్‌టాప్ డిస్కు పళ్లెం వ్యాసం 9.5 సెంటీమీటర్లు, నిమిషానికి 7,200 చుట్లు. అంచు మీద ఉన్న బిందువు గంటకు ఎన్ని కిలోమీటర్ల వేగంతో వెళుతోంది? దారి ఇది: సెకనుకు 120 చుట్లు, ఒక చుట్టుకు పై రెట్లు వ్యాసం. జవాబు దాదాపు 129 రావాలి. తిరుగుతున్న డిస్కు ఉన్న కంప్యూటర్‌ను ఎందుకు కదపకూడదో ఆ జవాబు చూశాక వేరే చెప్పక్కర్లేదు.

పదో తరగతి: 1956లో ఐబీఎం తెచ్చిన మొదటి హార్డ్ డిస్కు యంత్రం ర్యామాక్‌లో 24 అంగుళాల పళ్లాలు 50 ఉండేవి. బరువు టన్ను దాటేది. అందులో పట్టేది దాదాపు 50 లక్షల అక్షరాలు. ఇప్పటి మీ ఫోన్‌లో ఒక్క ఫొటో ఎన్ని మెగాబైట్లు ఉందో చూసి, ఆ యంత్రంలో అలాంటివి ఎన్ని పట్టేవో చెప్పాలి. ఒక అక్షరాన్ని ఒక బైట్‌గా లెక్కించుకోండి.

ఈ ఆదివారం ఒక గంట

ఇంట్లో అందరూ కూర్చుని మూడు పనులు చేయండి. కంప్యూటర్‌లో పోతే తిరిగి రానివి ఏవో పేర్లు రాసి, వాటినన్నిటినీ ‘ముఖ్యం’ అనే ఒక్క ఫోల్డర్‌లోకి చేర్చండి. ఆ ఫోల్డర్‌ను ఎక్స్‌టర్నల్ డిస్కులోకి, ఆన్‌లైన్‌లోకి కాపీ చేయండి. తర్వాత ఆ కాపీ నుంచి నాలుగు ఫైళ్లు నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. తెరిచి చూడని కాపీని లెక్కలో వేసుకోకూడదు. డిస్కు మీద ఆ రోజు తేదీ రాసిన చిన్న చీటీ అతికించండి. వచ్చే నెల ఆ తేదీ మార్చే బాధ్యత పిల్లలకు అప్పగించండి.

ఇంట్లో ఇప్పటికే లేవని కంప్యూటర్ ఉంటే, పిల్లలు నింపిన నాలుగు గడుల కాగితాన్ని, తెర ఫొటోను కంప్యూటర్ టీచర్‌కు చూపించమనండి. షాపుకు ఇచ్చేముందు ఏం అడగాలో వారు చెబుతారు.